ఇంటర్ చదివిన చోటే సొంత రాష్ట్రం
బిలాస్‌పూర్ తెలుగు కుటుంబాలకు ఏటా సీట్ల చిక్కు

బిలాస్‌పూర్: వెయిటింగ్ లిస్టు అన్న మాట ఈ రైల్వే పట్టణంలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. ఆర్.ఏ.సి. టికెట్టు ఏ సమయానికి ఖరారు కాగలదో, చార్టు తయారయ్యే వేళకు ఎన్ని బెర్తులు ఖాళీ కావచ్చునో ఇక్కడి తెలుగువారు వేళ్ల మీద లెక్క కట్టి చెప్పగలరు. కోర్బా - విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్, బిలాస్‌పూర్ - తిరుపతి ఎక్స్‌ప్రెస్ వారిని సొంత ఊళ్లతో కలిపి ఉంచే బళ్లు. అయితే ఏటా జూన్, జూలై నెలలలో వారికి కంటి మీద కునుకు లేకుండా చేసేది మరొక జాబితా. తెలిపారా బజారులో దరఖాస్తులు నింపిపెట్టే కంప్యూటరు దుకాణాల వద్ద ఆ రోజులలో తల్లిదండ్రులు ధ్రువపత్రాల సంచులతో గంటల తరబడి వేచి ఉంటారు.

ర్యాంకు చేతికి వచ్చింది. సీటు ఏదో తెలియదు. సీటు వచ్చినా అది నిలుస్తుందో, తరువాతి విడతలో మారుతుందో తెలియదు. ప్రతిభా ఉపకార వేతనం సంగతి తేలే సరికి ఫీజు గడువు దాటిపోతుంది. ఇది దేశమంతటా ఉన్న బాధే. కాగా బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువారికి దీనికి తోడు మరొక చిక్కు ఉన్నది. వారి పిల్లలు ఏ రాష్ట్రానికి చెందినవారన్న ప్రశ్నకు ఒక్కొక్క కౌన్సెలింగ్ ఒక్కొక్క సమాధానం ఇస్తుంది.

ఈ కుటుంబాలు ఇక్కడికి నిన్న మొన్న వచ్చినవి కావు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను పెద్ద జంక్షనుగా తీర్చిదిద్దింది. వాల్తేరు ప్రాంతపు మార్గం కూడా అదే కంపెనీ చేతికి రావడంతో నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి గ్యాంగ్‌మన్లు, ఫిట్టర్లు, ఫైర్‌మన్లు, పారిశుద్ధ్య కార్మికులు ఖరగ్‌పూర్‌కు, బిలాస్‌పూర్‌కు తరలివచ్చారు. 1930ల ఆరంభంలో రాయపూర్ - విజయనగరం మార్గం పూర్తి కావడంతో ఈ రాకపోకలు మరింత సులువయ్యాయి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడి బిలాస్‌పూర్ దాని ప్రధాన కేంద్రమయింది. తాత లోకో షెడ్డులో, తండ్రి వ్యాగన్ మరమ్మతులలో, మనుమడు సిగ్నల్ విభాగంలో పనిచేసిన కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. వేసవిలో రైల్వే ప్రాంతంలోని బారా ఖోలీ వద్ద తెలుగువారు జరుపుకునే సోలాపురి మాత పూజ పట్టణానికంతటికీ పరిచితమే. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ లేదా ఇంగ్లీషు. పిల్లలు ఈ మూడింటితోనూ పెరుగుతారు.

చిక్కు అంతా పదో తరగతితో మొదలవుతుంది.

రెండేళ్లు చాలవు

పిల్లవాడు చురుకైనవాడైతే ఇంటర్మీడియట్‌కు విశాఖపట్నమో విజయవాడో పంపాలన్నది ఈ కుటుంబాలలో చాలాకాలంగా ఉన్న ఆలోచన. అక్కడి కార్పొరేటు కళాశాలల కోచింగుకు పేరున్నది. మేనమామ ఇల్లో, పెదనాన్న గారి ఇల్లో అందుబాటులో ఉంటుంది. తండ్రికి వచ్చే స్కూలు పాసులతో సెలవులకు రాకపోకలు సాగుతాయి. కోచింగు సంగతి అలా ఉంచితే, ఆ నిర్ణయం మరొక ఖాతాలోనూ నమోదవుతుంది. ఆ సంగతి చాలామందికి రెండేళ్ల తరువాత గాని తెలియడం లేదు.

జాతీయ సాంకేతిక విద్యాసంస్థలలో సగం సీట్లు ఆ సంస్థ ఉన్న రాష్ట్రపు అభ్యర్థులకు, తక్కిన సగం ఇతర రాష్ట్రాల వారికి కేటాయిస్తారు. ఇక్కడ రాష్ట్రమంటే పుట్టిన ఊరు కాదు, రేషన్ కార్డులో ఉన్న చిరునామా కాదు, మాతృభాష అసలే కాదు. అభ్యర్థి పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో ఉత్తీర్ణుడయ్యాడో అదే అతని రాష్ట్రం. బిలాస్‌పూర్ రైల్వే పాఠశాలలోనో, కేంద్రీయ విద్యాలయంలోనో చదివి అక్కడే పరీక్ష రాసిన తెలుగు విద్యార్థికి రాయపూర్ ఎన్‌ఐటీలో స్వరాష్ట్ర కోటా వర్తిస్తుంది. అదే విద్యార్థి విశాఖపట్నంలో ఇంటర్ పూర్తి చేస్తే జేఈఈ దృష్టిలో ఆంధ్రప్రదేశ్ వాడైపోతాడు. అప్పుడు తాడేపల్లిగూడెంలో 2015లో ఏర్పాటైన ఎన్‌ఐటీ అతనికి సొంతమవుతుంది. పుట్టి పెరిగిన ఇంటికి రెండు మూడు గంటల ప్రయాణ దూరంలో ఉన్న రాయపూర్ పరాయిదవుతుంది.

జేఈఈకి తెలుగు రాష్ట్రాల నుంచి హాజరయ్యే వారి సంఖ్య, వారి మధ్య పోటీ తెలియనివి కావు. రాయపూర్‌లో అనేక బ్రాంచీలలో స్వరాష్ట్ర కోటా ముగింపు ర్యాంకు ఇతర రాష్ట్రాల కోటా కంటే వెనుకకు పోవడం కద్దు. కోచింగు వల్ల ర్యాంకు కొంత మెరుగుపడినా, కోటా మారడం వల్ల ఆ మెరుగంతా కరిగిపోయే అవకాశం ఉన్నదన్న మాట. ఐఐటీలలో స్వరాష్ట్ర కోటా లేదు కనుక అక్కడ సీటు సాధించగల స్థాయి విద్యార్థులకు ఈ బెడద ఉండదు. బెడదంతా మధ్యస్థపు ర్యాంకుల వారిదే. సంఖ్యలో అధికులూ వారే.

పోనీ, ఆంధ్రలో చదివాడు కనుక అక్కడి రాష్ట్ర కళాశాలలలోనైనా స్థానికుడవుతాడా అంటే అదీ లేదు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో జారీ అయిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకు చెందుతాయి. స్థానికుడు కావాలంటే అర్హత పరీక్ష నాటికి వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. ఇంటర్ రెండేళ్లు మాత్రమే చదివిన బిలాస్‌పూర్ విద్యార్థికి ఆ నాలుగేళ్లు ఎక్కడివి? అతడు ఎన్‌ఐటీకి ఆంధ్రుడు, ఆంధ్ర కౌన్సెలింగుకు పరాయివాడు. రెంటికీ చెడ్డ రేవడి అన్న సామెత ఇంత చక్కగా అతికే సందర్భం మరొకటి ఉండదేమో.

మిగిలిన 15 శాతం సీట్లకు ఒక దారి ఉన్నది. తల్లిదండ్రులలో ఒకరు, ఉద్యోగరీత్యా రాష్ట్రం వెలుపల గడిపిన కాలం మినహాయించి, మొత్తం పదేళ్లు రాష్ట్రంలో నివసించి ఉంటే వారి సంతానం ఆ సీట్లకు పోటీ పడవచ్చు. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి పెరిగి, పాతికేళ్ల వయసులో రైల్వేలో చేరిన తండ్రికి ఈ నిబంధన అక్కరకు వస్తుంది. బిలాస్‌పూర్ క్వార్టర్‌లోనే పుట్టి, అక్కడే చదివి, అక్కడే ఉద్యోగం పొందిన రెండో తరం తండ్రికి రాదు. అతని భార్య ఆంధ్ర ఆడపడుచు అయితే ఆమె తరఫున ఆ పదేళ్లు చూపవచ్చు. అందుకే పెళ్లయి పాతికేళ్లు గడిచిన తల్లులు తాము చదివిన పల్లె బడికి ధ్రువపత్రం కోసం కబురు పెట్టవలసి వస్తున్నది. ఆ 15 శాతంలో సీటు దొరికినా, ఫీజు రీయింబర్సుమెంటు మీద మాత్రం ఆశ పెట్టుకోరాదు. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో విస్తృతంగా మొదలై, తరువాత రెండు రాష్ట్రాలలోనూ వేర్వేరు పేర్లతో కొనసాగిన ఆ పథకం ఉద్దేశించినది రాష్ట్ర స్థానికులకు. పక్క ఇంటి మేనల్లుడు ఫీజు లేకుండా చదివిన కళాశాలలోనే బిలాస్‌పూర్ మేనమామ కొడుకు పూర్తి రుసుము చెల్లించవలసి రావచ్చు.

తేలే సీటు, తేలని సీటు

2015 నుంచి ఐఐటీలు, ఎన్‌ఐటీలు, ట్రిపుల్ ఐటీలు, కేంద్ర సహాయంతో నడిచే మరికొన్ని సంస్థలలో సీట్లను జోసా అనే ఉమ్మడి సంస్థ పలు విడతలలో కేటాయిస్తున్నది. ఇందులో వెయిటింగ్ లిస్టు అన్న పేరు వినబడదు. దాని స్థానంలో మూడు మాటలున్నాయి: ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్. ఇచ్చిన సీటు చాలునంటే ఫ్రీజ్. సీటు అట్టిపెట్టుకుని, జాబితాలో పైన రాసిన ఏ సంస్థలోనైనా ఖాళీ వస్తే పోతానంటే ఫ్లోట్. అదే సంస్థలో మెరుగైన బ్రాంచి వస్తే చాలునంటే స్లైడ్. రైలు భాషలో చెప్పాలంటే ఫ్లోట్ అన్నది ఆర్.ఏ.సి. వంటిది. కూర్చోవడానికి చోటు ఖాయం, బెర్తు సంగతి తరువాత.

పోలిక అంతటితో సరి. రైలులో బెర్తు ఖరారైతే వద్దని ఎవరూ అనరు. ఇక్కడ ఫ్లోట్ కోరిన విద్యార్థికి పై ఐచ్ఛికం దక్కిన క్షణంలోనే పాత సీటు మరొకరికి వెళ్లిపోతుంది. తిరిగి అడిగేందుకు వీలులేదు. ఒక విద్యార్థినికి బిలాస్‌పూర్‌లోని గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు సీటు వచ్చినదనుకుందాం. 1983లో స్థాపితమై 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఈ సంస్థ సీట్లు కూడా జోసా ద్వారానే భర్తీ అవుతాయి. ఆమె జాబితాలో దానికి పైన రాయపూర్ ఎన్‌ఐటీ, ఆ పైన దుకాణదారు సలహాపై చేర్చిన సిల్చార్ ఎన్‌ఐటీ ఉన్నాయి. మూడో విడతలో సిల్చార్ సీటు వచ్చిందంటే ఇంటి నుంచి సైకిలు మీద పోగల కళాశాల పోయినట్లే. ఇంట్లో వారు ఆడపిల్లను అంత దూరం పంపలేమంటారు. అప్పటికి వారికి మిగిలేది ఉపసంహరణ ఒక్కటే.

పొరపాటు కౌన్సెలింగుది కాదు, జాబితాది. ఐచ్ఛికాలు ఎన్ని రాసినా నష్టం లేదు. వచ్చే అవకాశం లేని సీటును పైన రాసినందువల్ల కింది సీటుకు ముప్పు రాదు. కంప్యూటరు పై నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చి, ర్యాంకుకు అందిన మొదటి సీటును ఇస్తుంది. కనుక నిజంగా ఇష్టపడే వరుసలోనే రాయాలి. పోవడానికి సిద్ధంగా లేని ఊరును ఇష్టమైన ఊరికి పైన రాయరాదు. ఇంత చిన్న సంగతి కోసం ఎందరో డబ్బు చెల్లించి సలహాదారుల చుట్టూ తిరగడం విచారకరం.

ఉపసంహరణకూ గడువున్నది. చివరి విడతకు ముందే సీటు వదులుకున్న వారికి స్వల్ప రుసుము మినహాయించి సొమ్ము తిరిగి వస్తుంది. చార్టు పడ్డాక టికెట్టు రద్దు చేస్తే ఏమవుతుందో తెలిసిన పట్టణమే అయినా, ఈ గడువును మరచి వేలాది రూపాయలు పోగొట్టుకునే వారు ఉంటూనే ఉన్నారు. జోసా ముగిసిన పిమ్మట ఎన్‌ఐటీ తరహా సంస్థలలో మిగిలిన ఖాళీలకు సీఎస్‌ఏబీ ప్రత్యేక విడతలు జరుగుతాయి. అందులోనూ అదే నియమం. కొత్త సీటు వస్తే పాతది రద్దు.

వైద్య విద్యలో లెక్క వేరు. నీట్‌లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు, 85 శాతం రాష్ట్రాలకు. రాష్ట్ర కోటాకు నివాస ధ్రువపత్రం ప్రధానం. బిలాస్‌పూర్‌లో 2001లో ఏర్పడిన వైద్య సంస్థ సిమ్స్ సీట్లు అధికభాగం ఆ విధంగానే నిండుతాయి.

మిసల్ లేని క్వార్టర్లు

ధ్రువపత్రాల మాట వచ్చినప్పుడే బిలాస్‌పూర్ తెలుగువారి అసలు ఇబ్బంది బయటపడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డు కులాల, తెగల ధ్రువపత్రానికి పూర్వికులు 1950 నాటికే ఈ ప్రాంతంలో నివసించినట్లు రుజువు కావాలి. ఇతర వెనుకబడిన తరగతుల విషయంలో 1984ను ప్రాతిపదికగా తీసుకుంటారు. రుజువుగా సాధారణంగా చూపేది మిసల్, అనగా పాత భూమి బందోబస్తు దస్తావేజు. రైల్వే క్వార్టర్‌లో పుట్టి రైల్వే క్వార్టర్‌లో కన్నుమూసిన తాతకు భూమి ఎక్కడిది, మిసల్ ఎక్కడిది? పాత పాఠశాల ప్రవేశ రిజిస్టరులో నమోదు కోసం, తాతగారి సర్వీసు రికార్డు నకలు కోసం చాయిస్ సెంటరు నుంచి తహసీలు కార్యాలయానికి, అక్కడి నుంచి పట్వారీ వద్దకు కాళ్లరిగేలా తిరగవలసి ఉంటుంది. కులం పేరే ఇక్కడి రాష్ట్ర జాబితాలో లేకపోతే ఆ తిరుగుడుకూ అర్థం లేదు.

ఈ ప్రశ్న మీద సుప్రీంకోర్టు 1990లోనే తీర్పు చెప్పింది. ఆ వివాదం కూడా ఒక తెలుగు కుటుంబానిదే కావడం గమనార్హం. తెనాలిలో జన్మించి, తండ్రి ఎరువుల కంపెనీ ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన ఒక విద్యార్థి అక్కడి వైద్య కళాశాలలో షెడ్యూల్డు తెగల కోటా కింద సీటు కోరాడు. మర్రి చంద్రశేఖర రావు కేసుగా న్యాయవాదులందరికీ పరిచితమైన ఆ వ్యాజ్యంలో, ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు హోదా ఉన్నవారు మరో రాష్ట్రానికి వలస వెళ్తే ఆ హోదా వెంట రాదని రాజ్యాంగ ధర్మాసనం నిర్ణయించింది. వెనుకబాటుతనం ఆయా ప్రాంతాల పరిస్థితులను బట్టి ఉంటుందన్నది ధర్మాసనం తర్కం. 1994లో మరో రాజ్యాంగ ధర్మాసనం దీనినే ధ్రువీకరించింది. ఉద్యోగం కోసం వచ్చిన తండ్రికి, అతని వెంట రాక తప్పని పసివాడికి ఒకే సూత్రం వర్తించడం సబబేనా అన్న ప్రశ్న మాత్రం నేటికీ మిగిలే ఉన్నది.

కేంద్ర సంస్థలలో పరిస్థితి కొంత నయం. పూర్వికుల రాష్ట్రంలో జారీ అయిన కుల ధ్రువపత్రం ఐఐటీలలో, ఎన్‌ఐటీలలో చెల్లుతుంది. ఇంటర్ బిలాస్‌పూర్‌లో చదివి, కుల ధ్రువపత్రం మాత్రం శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న విద్యార్థి రాయపూర్ ఎన్‌ఐటీలో స్వరాష్ట్ర కోటాను, రిజర్వేషనును రెంటినీ వినియోగించుకోగలడు. అదే విద్యార్థికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర కళాశాలలలో ఆ రిజర్వేషను దక్కదు. ఆర్థికంగా బలహీన వర్గాలకు 2019 నుంచి అమలులోకి వచ్చిన 10 శాతం కోటాకు, వెనుకబడిన తరగతుల నాన్ క్రీమీలేయరు హోదాకు జోసా కోరే ధ్రువపత్రం ఆ ఏడాది ఏప్రిల్ 1 తరువాత జారీ అయినది కావాలి. మార్చిలో తెచ్చుకుని పెట్టెలో భద్రపరచిన కాగితం జూన్‌లో ఎందుకూ కొరగాదు.

ప్రతిభకు ఆదాయ కొలబద్ద

సీటు తేలిన తరువాత డబ్బు సంగతి. రైల్వే ఉద్యోగులకు పిల్లల చదువు భత్యం అందుతుంది గాని అది పన్నెండో తరగతి స్థాయితో ఆగిపోతుంది. ఖర్చు పెరిగే చోటనే సాయం ముగుస్తుందన్న మాట. ఆ పైన స్టాఫ్ బెనిఫిట్ ఫండ్ నుంచి సాంకేతిక విద్య చదివే పిల్లలకు ఉపకార వేతనాలున్నాయి. అవి పరిమితమైనవి.

ఎన్‌ఐటీలలో ట్యూషన్ ఫీజును 2016లో ఏడాదికి 70 వేల రూపాయల నుంచి 1,25,000 రూపాయలకు పెంచారు. అదే సమయంలో రాయితీలూ ప్రకటించారు. షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థులకు, వికలాంగులకు, కుటుంబ వార్షికాదాయం లక్ష రూపాయల లోపు ఉన్నవారికి ఫీజు పూర్తిగా మాఫీ. లక్ష నుంచి 5 లక్షల వరకు ఉన్నవారికి మూడింట రెండు వంతుల మాఫీ. అనగా వారు చెల్లించవలసింది సుమారు 41,700 రూపాయలు. ఆదాయం 5 లక్షలకు వెయ్యి రూపాయలు తక్కువైతే 41,700, వెయ్యి ఎక్కువైతే 1,25,000. నాలుగేళ్లకు లెక్క వేస్తే తేడా 3 లక్షల 33 వేల రూపాయల పైచిలుకు. కొంతకాలం సర్వీసు చేసిన రైల్వే టెక్నీషియను జీతం ఈ గీతను దాటడానికి ఎంతో కాలం పట్టదు. జీతం చీటీ ఉన్నవాడు ఆదాయం దాచలేడు. అదే వీధిలో దుకాణం నడుపుకునే వానికి ఆదాయ ధ్రువపత్రం వేరే విధంగా రావచ్చు. ఈ తేడా గురించి రైల్వే కాలనీలలో గొణుగుడు వినవస్తూనే ఉంటుంది.

ప్రతిభా ఉపకార వేతనాలలో అధిక సంఖ్యాకులకు అందుబాటులో ఉన్నది కళాశాల, విశ్వవిద్యాలయ విద్యార్థుల కోసం కేంద్రం అమలు చేస్తున్న పథకం. దేశం మొత్తానికి ఏటా కొత్తగా 82 వేల ఉపకార వేతనాలు. సగం బాలికలకు. పన్నెండో తరగతిలో తమ బోర్డులో 80 పర్సంటైలుకు పైన ఉండాలి. కుటుంబ ఆదాయం 4 లక్షల 50 వేల రూపాయలు మించరాదు. డిగ్రీ మొదటి మూడేళ్లు ఏడాదికి 12 వేల రూపాయలు, నాలుగేళ్ల వృత్తి విద్యా కోర్సులలో చివరి ఏడాది 20 వేల రూపాయలు. నాలుగేళ్లకు మొత్తం 56 వేలు. మొత్తం పెద్దది కాకపోయినా హాస్టలులో ఉన్న విద్యార్థికి పుస్తకాలకు, దారి ఖర్చులకు ఆసరా అవుతుంది. ఏటా 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు చూపితేనే కొనసాగుతుంది. మరో ఉపకార వేతనం గాని, ఫీజు మాఫీ పథకం గాని పొందుతున్న వారికి ఇది వర్తించదు. అందువల్ల రెండింటిలో ఏది లాభమో దరఖాస్తుకు ముందే లెక్క చూసుకోవాలి.

ఇంజనీరింగు మోజులో కుటుంబాలు పట్టించుకోని పథకం మరొకటి ఉన్నది. శాస్త్ర సాంకేతిక శాఖ 2008లో ప్రారంభించిన ఇన్‌స్పైర్ కింద, పన్నెండో తరగతిలో తమ బోర్డులో మొదటి ఒక శాతంలో నిలిచి భౌతిక, రసాయన, గణిత, జీవశాస్త్రాల వంటి మౌలిక విజ్ఞాన కోర్సులో చేరిన వారికి ఏడాదికి 80 వేల రూపాయల ఉపకార వేతనం ఉన్నది. ఇందులో 60 వేలు విద్యార్థి చేతికి, 20 వేలు వేసవి పరిశోధన కోసం. దీనికి ఆదాయ పరిమితి లేదు. గీత దాటిన రైల్వే ఉద్యోగి బిడ్డకు ఇది ప్రత్యేకంగా ఉపకరిస్తుంది. గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో 2022 నుంచి డిగ్రీ ప్రవేశాలు సీయూఈటీ ద్వారా జరుగుతున్నాయి. అక్కడ బీఎస్సీలో చేరి, ఇంట్లోనే ఉండి చదువుతూ ఏడాదికి 60 వేలు అందుకునే విద్యార్థిని, ఎక్కడో దూరాన సాధారణ స్థాయి ఇంజనీరింగు కళాశాలలో లక్షలు చెల్లించే విద్యార్థి కంటే మంచి స్థితిలోనే ఉన్నట్లు. అయితే "బీఎస్సీయా?" అని అడిగే బంధువుల నోరు మూయించడం తల్లిదండ్రులకు అంత తేలిక కాదు.

ముందే వచ్చే ఆహ్వానం

ప్రైవేటు విశ్వవిద్యాలయాల ప్రతిభా రాయితీలు వీటన్నిటి కంటే ముందే తలుపు తడతాయి. జోసా విడతలు మొదలు కాక మునుపే, ఏప్రిల్, మే నెలలలోనే, ఫలానా ర్యాంకుకు ఇంత శాతం, బోర్డులో ఫలానా మార్కులకు ఇంత శాతం ఫీజు తగ్గింపు అంటూ లేఖలు వస్తాయి. గడువు లోపల డబ్బు కట్టాలన్నది వాటి షరతు. ప్రభుత్వ సీటు తేలే దాకా వేచి ఉండలేని కుటుంబం ఆందోళనతో కట్టేస్తుంది. ఈ తగ్గింపు సాధారణంగా ట్యూషన్ ఫీజుకే పరిమితం. హాస్టలు, మెస్సు, ఇతర రుసుములు యథాతథం. చాలాచోట్ల ఏటా నిర్ణీత గ్రేడు నిలుపుకోవాలి. ఉదాహరణకు 2 లక్షల ఫీజులో సగం తగ్గింపు వచ్చినదనుకుంటే నాలుగేళ్లకు 4 లక్షలతో సరిపోతుందని లెక్క. మొదటి ఏడాది గ్రేడు తప్పితే 7 లక్షలు అవుతుంది. ఈ షరతు లేఖలో ఏ పేజీలో ఉన్నదో వెదికి చదవడం అవసరం.

కట్టిన సొమ్ము విషయంలో నిబంధనలు విద్యార్థి పక్షాన ఉన్నాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2024-25 విద్యా సంవత్సరానికి ఇచ్చిన ఆదేశాల ప్రకారం సెప్టెంబరు 30 లోగా ప్రవేశం రద్దు చేసుకుంటే మొత్తం ఫీజు, అక్టోబరు 31 లోగా అయితే గరిష్ఠంగా వెయ్యి రూపాయలు మాత్రమే మినహాయించి వాపసు చేయాలి. ఈ తేదీలు ఏటా ప్రకటించేవి కనుక ఆ ఏటి ఉత్తర్వును చూసుకోవలసి ఉంటుంది. అసలు ధ్రువపత్రాలను కళాశాల తన వద్ద అట్టిపెట్టుకోరాదని కూడా నిధుల సంఘం స్పష్టం చేసింది. అట్టిపెట్టుకున్న పక్షంలో రాతపూర్వకంగా కోరడం మేలు. నోటి మాటకు రసీదు ఉండదు.

అప్పు చేయదలచిన వారికి 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకం కింద ఎంపిక చేసిన ఉన్నత విద్యాసంస్థలలో హామీ, తనఖా లేకుండా రుణం లభిస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండి, మరే ప్రభుత్వ ఉపకార వేతనమూ, వడ్డీ రాయితీ పొందని వారికి 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉన్నది. రాయితీ ఇస్తామన్న ప్రైవేటు సంస్థ ఈ జాబితాలో ఉన్నదో లేదో చూసుకోవడం లేఖ చదవడమంత ముఖ్యం.

ప్రతిభ పేరిట రాయితీతో విద్యార్థులను ఆకర్షించే పద్ధతి మనకు కొత్త గాని అమెరికాకు పాతదే. అక్కడ హార్వర్డు, యేల్ వంటి ఐవీ లీగ్ సంస్థలు ప్రతిభా ఉపకార వేతనాలు ఇవ్వవు. కుటుంబ అవసరాన్ని బట్టి మాత్రమే సాయం చేస్తాయి. ప్రతిభా రాయితీలు ఎక్కువగా ఇచ్చేది వాటి తరువాతి శ్రేణి సంస్థలు. వెయిటింగ్ లిస్టులో ఉన్న విద్యార్థి సాధారణంగా మే 1 నాటికి మరోచోట డిపాజిట్టు కట్టి ఎదురుచూస్తాడు. పిలుపు వస్తే ఆ డిపాజిట్టు వదులుకుని పోవాలి. వదులుకున్నది తిరిగి రాదు. ఆ విషయంలో మన నిబంధనలే నయమనిపిస్తుంది.

జూలై ముగిసే సరికి తెలిపారా దుకాణాలలో రద్దీ తగ్గదు, స్వరూపం మారుతుంది. సీట్ల జాబితాలు పోయి జాతీయ ఉపకార వేతనాల పోర్టల్ దరఖాస్తులు వస్తాయి. అదే ఆదాయ ధ్రువపత్రం, అదే బ్యాంకు పుస్తకం, అదే ఆధార్. పేరు మార్కుల జాబితాలో ఒక విధంగా, ఆధార్‌లో ఇంటిపేరుతో మరో విధంగా ఉన్న విద్యార్థులు మళ్లీ వరుసలో నిలబడతారు. ఇంటిపేరు ముందు రాసే తెలుగు అలవాటుకూ, చివర రాసే ఇక్కడి ఫారాలకూ పొత్తు కుదరక తిరిగి వచ్చే దరఖాస్తులు ఉంటాయి. సవరణకు సాధారణంగా కొద్ది రోజులే గడువు. విద్యార్థి అప్పటికే హాస్టలుకు వెళ్లిపోయి ఉంటాడు గనుక ఆ పని తండ్రి మీద పడుతుంది. రాత్రి డ్యూటీ దిగి నేరుగా దుకాణానికి వచ్చి, తెరిచే వేళ కోసం మెట్ల మీద కూర్చుంటాడు.